తాడు కొలతతో వైద్యం: డాక్టర్ చాట్ల క్రిస్టీనా గారి ముప్పై నాలుగున్నరేళ్లు

1990 నవంబరు 12, సోమవారం ఉదయం డాక్టర్ చాట్ల క్రిస్టీనా గారు కనిగిరికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఒక గ్రామీణ పశువైద్యశాలలో సహాయ శస్త్రచికిత్సకులుగా విధుల్లో చేరారు. ఆ రోజు రిజిస్టరులో ఎద్దులు మూడు, గేదెలు ఐదు, మేక ఒకటి అని ఆమె చేతిరాతతోనే ఉంది. కుక్కలు లేవు. 2025 మే 31న పదవీ విరమణ చేస్తున్న నాటికి, కీళ్ల గాయాలతోనో కండరాల గాయాలతోనో వచ్చి ఆమె పరీక్ష చేసిన కుక్కల సంఖ్య, ఆమె నోటుపుస్తకాల ప్రకారం, మూడు వేల నూట డెబ్బై. ఈ రెండు తేదీల మధ్య జరిగినదాన్ని సహోద్యోగుల కోసం, కుటుంబ సభ్యుల కోసం నమోదు చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

క్రిస్టీనా గారి తండ్రి ఇమ్మానియేలు గారు మిషన్ పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయులు. తల్లి ప్రేమమ్మ గారు పెళ్లయిన తర్వాత కూడా పన్నెండేళ్లు మిరప కోతలకు వెళ్లారు. పశువైద్య కళాశాలలో సీటు వచ్చిన రోజున తల్లి అడిగిన ప్రశ్న ఒక్కటే: "మనుషుల డాక్టరువి కాలేవా ఏంది?" కూతురు ఇచ్చిన జవాబు కూడా ఒక్కటే: "మనుషులైతే ఎక్కడ నొప్పో చెబుతారమ్మా. చెప్పలేని వాటికి కూడా ఎవరో ఒకరు కావాలి గదా." ఈ సంభాషణను భర్త నతానియేలు గారు మాకు చెప్పారు. క్రిస్టీనా గారు దాన్ని ఖండించలేదు, ధ్రువీకరించనూ లేదు.

ఉద్యోగంలో మూడో ఏడాది, 1993 ఆగస్టులో, బుల్లయ్య అనే గొర్రెల కాపరి తన కుక్కను భుజాన వేసుకొని వైద్యశాలకు వచ్చారు. కుక్క వెనక కుడి కాలు నేల మీద ఆనించడం లేదు. కుంటే పశువుకు కొడవలి కాల్చి వాత పెట్టడం ఆ ప్రాంతంలో వాడుక. బుల్లయ్య గారు ఆ పని చేయకుండా ఆరు మైళ్లు నడిచి వచ్చారు. మోకాలి కీలులో ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు కొంత చిరిగిందని క్రిస్టీనా గారు నిర్ధారించారు. నొప్పి తగ్గడానికి ఐదు రోజుల బిళ్లలు ఇచ్చి, విశ్రాంతి ఇవ్వమని చెప్పి పంపారు. నాలుగో రోజున బుల్లయ్య గారు మళ్లీ వచ్చారు. కుక్క మళ్లీ భుజం మీదే ఉంది.

"ఏందమ్మా నీ బిళ్లలు! బ్రెమ్మాండంగా పనిచేసినయ్యి. మూడోనాటికే జింకపిల్ల మాదిరి లేసింది. మందలోకి తోలుకెళ్తే తోడేలు ఎనకాల పడింది. ఆడే కూలబడింది. ఇంగ లెగవలా."

"విశ్రాంతి ఇవ్వమన్నాను కదండీ బుల్లయ్య గారూ!"

"ఇచ్చాగదమ్మా! రాత్రంతా పండుకోబెట్టా. పగలు గూడా పండుకుంటే దాన్ని కుక్కంటారా? అల్లుడంటారు."

లిగమెంటు పూర్తిగా తెగిపోయింది. దాన్ని సరిచేసే శస్త్రచికిత్స అప్పట్లో ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. కుక్క మరో ఆరేళ్లు బతికి, కుంటుతూనే మందను కాసింది. ఆ రోజు నోటుపుస్తకంలో ఆమె రాసుకున్న మూడు వాక్యాలను, ఆమె అనుమతితో, ఇక్కడ ఉన్నవి ఉన్నట్లు ఇస్తున్నాం: "నొప్పికి మందు ఇచ్చాను. నొప్పి పోయాక ఏం చేయకూడదో అతనికి అర్థమయ్యేలా చెప్పలేదు. తప్పు నాది."

ఆ తర్వాతి వారం నుంచి ఆమె మందుల చీటీ మారింది. గాయపడిన కుక్కకు విశ్రాంతి ఇవ్వండి అని రాయడం మానేశారు. మొదటి పది రోజులు రెండు మూరల తాడుతో కట్టేయాలి, తర్వాతి పది రోజులు నాలుగు మూరలు, ఆ తర్వాత మనిషి చేతిలో తాడుతో పూటకు ఐదు నిమిషాల నడక అని రాయడం మొదలుపెట్టారు. రోజులు చెబితే మరిచిపోయేవారు ఉన్నారు గాని, మూరలు చెబితే తెలియనివారు ఆ పల్లెల్లో లేరు. తాడును వైద్యశాలలోనే కొలిచి, కోసి, మందుతో పాటు చేతికిచ్చేవారు. బుల్లయ్య గారు రెండేళ్ల తర్వాత ఇంకో కుక్కను తెచ్చినప్పుడు ఆ తాడు అందుకొని, "ఇదన్నా చెప్పావు తల్లీ. దీన్నయితే కొలుస్తా" అన్నారు. ఆ కుక్క నలభై రోజుల్లో మందకు తిరిగి వెళ్లింది. ఆ ప్రాంతంలో ఆమెను 'తాడు డాక్టరమ్మ' అని పిలవడం ఆ ఏడాదే మొదలైంది.

1997లో ఆమె అద్దంకి ప్రాంతానికి బదిలీ అయ్యారు. అక్కడి కుక్కలు మందలు కాసేవి కావు, పత్తి చేలల్లోనూ మిరప చేలల్లోనూ అడవి పందులను తరిమేవి. వాటికి వచ్చే గాయాలు వేరు. కోసిన పత్తి మోళ్ల మధ్య పరిగెత్తి వేళ్ల కీళ్లు తప్పేవి. ట్రాక్టరు ట్రక్కు మీద నుంచి రోజుకు పదిసార్లు దూకి భుజం కండరాలు చెడేవి. కుక్కను తెచ్చిన రైతును ఆమె ముందుగా అడిగే ప్రశ్న జబ్బు గురించి కాదు. "ట్రాక్టరు దూకి ఎక్కుతుందా, మీరు ఎత్తి ఎక్కిస్తారా? దిగేటప్పుడో?" అని అడిగేవారు. ఈ ప్రశ్నలకు నవ్విన రైతులే, ట్రక్కు వెనక పలక వాలుగా పెట్టి కుక్కను దించడం తర్వాత నేర్చుకున్నారు.

2006 నుంచి ఎనిమిదేళ్లు మార్టూరులో పనిచేశారు. గ్రానైటు కోసే యూనిట్లలో రాయిని నున్నచేసేటప్పుడు నీళ్లు పారుతూనే ఉంటాయి. కాపలా కుక్కలు ఆ తడి పలకల మీదే తిరుగుతాయి, లారీ హారను వినగానే లేచి ఉరుకుతాయి. 2009లో కుంటుతూ వచ్చిన నలభై ఒక్క కుక్కల్లో ఇరవై ఆరు ఈ యూనిట్లవేనని, వాటిలో పంతొమ్మిదింటికి వెనక కాళ్లు ఎడంగా జారి గజ్జల్లో కండరం సాగిందని ఆమె లెక్క తీశారు. నడుము వెన్ను నుంచి బయలుదేరి, పొట్ట కింద లోపలగా వచ్చి, తొడ ఎముక లోపలి వైపున అంటుకునే కండరం అది. పైకి కనిపించదు. ఎక్స్‌రేలో పడదు. దాన్ని వేలితో వెతికి పట్టుకోవడం ఆమె అక్కడ నేర్చుకున్నారు. మాలో చాలామంది ఆమె దగ్గర నేర్చుకున్నాం.

2014లో సహాయ సంచాలకులుగా పదోన్నతి పొంది అద్దంకి తిరిగి వచ్చారు. ప్రతి గురువారం ఉదయం కుక్కల కుంటు చూసే క్లినిక్ మొదలుపెట్టారు. ఒంగోలు, నరసరావుపేట, చీరాల నుంచి కూడా కుక్కలు రావడం మొదలైంది. ఈ పదకొండేళ్ల గురించి రాయాలంటే చాలా ఉంది. అందులో చివరి అయిదు నెలల్లో జరిగిన ఒక్క కేసు రాస్తే మిగతాది పాఠకులు ఊహించగలరని మా అభిప్రాయం.

ఈ ఏడాది జనవరి 6న కానిస్టేబుల్ రంజాన్ గారు ఒక పోలీసు జాగిలాన్ని తీసుకొని వచ్చారు. పేరు జ్వాల. నాలుగేళ్ల బెల్జియన్ మాలినోయిస్ ఆడకుక్క. పేలుడు పదార్థాలు పసిగట్టడంలో తొమ్మిది నెలల శిక్షణను ఇద్దరూ కలిసి పూర్తిచేశారు, రెండేళ్లుగా కలిసి పనిచేస్తున్నారు. నవంబరు నుంచి అది జీపు ఎక్కడం మానేసింది, గోడ దూకడం మానేసింది. వేరే చోట ఎక్స్‌రే తీసి, తుంటి కీలు అరిగిందని, సేవకు పనికిరాదని రాసిచ్చారు. మార్చి 21న బోర్డు సమావేశమై దాన్ని జాగిలాల దళం నుంచి తొలగించవలసి ఉంది. అలా జరిగితే జాగిలాన్ని పెంపకానికి ఎవరికైనా ఇచ్చేస్తారు, రంజాన్ గారు పాత విధులకు వెళ్లిపోతారు.

"మేడమ్, జీపెక్కమంటే నా మొహం చూస్తందండి. రెండేళ్లలో ఒక్కసారి కూడా నా మాట కాదనలేదండి అది" అన్నారు రంజాన్ గారు.

క్రిస్టీనా గారు తొమ్మిది నిమిషాల పాటు కుక్కను ముట్టుకోలేదు. సిమెంటు కళ్లం మీద నడిపించమన్నారు, చిన్న పరుగు పెట్టించమన్నారు, కుడికీ ఎడమకూ తిప్పమన్నారు, కూర్చోబెట్టమన్నారు. కూర్చున్నప్పుడు జ్వాల ఎడమ కాలును మడవకుండా పక్కకు చాపింది. అప్పుడు ఆమె నేల మీద కూర్చొని కాలు అందుకున్నారు. తుంటిని మడిచారు, పక్కకు తీశారు. జ్వాల ఏమీ అనలేదు. కాలును వెనక్కి చాపి, తొడను లోపలికి తిప్పి, గజ్జల్లో రెండు వేళ్లు పెట్టి నొక్కారు. జ్వాల తల తిప్పి ఆమె చేతిని చూసింది, మూతి నాకింది, ఊపిరి బిగపట్టింది.

"ఇక్కడ" అన్నారు క్రిస్టీనా గారు.

"ఫొటోలో తుంటి అరిగిందన్నారండి మరి?"

"అరిగిన మాట నిజమే, కాస్త. ఈ వయసులో నాకూ అరిగే ఉంటది. అందుకే కుంటుతుందా అన్నది ఫొటో చెప్పదు రంజానూ. ఇది ఎక్కడ పడుకుంటది?"

"కొత్త కెనెల్లోనండి. అక్టోబర్లో కట్టారు. గ్రానైటు పరిపించారండి, దాత గారు ఫ్రీగా ఇచ్చారు. పాలిష్ చూడాలండీ, మన మొహం మనకి కనపడుద్ది!"

"మొహం కనపడుద్ది. కాళ్లే నిలబడవు."

గేదెల చూలు పరీక్షకు వాడే స్కానింగు యంత్రాన్ని ఆమె జ్వాల గజ్జలపై పెట్టి చూశారు. కండరం ఎముకను అంటుకునే చోట చిరుగు కనిపించింది. ఆ రోజే బోర్డుకు లేఖ రాశారు: "గాయం కండరానిది. నయమయ్యేది. తొలగింపు నిర్ణయాన్ని మార్చి 21 వరకు ఆపి, ఆ రోజున జాగిలానికి పూర్తి పరీక్ష పెట్టవలసిందిగా కోరుతున్నాను. అందులో విఫలమైతే బాధ్యత నాది." లేఖ పంపే ముందు మాలో కొందరం వెళ్లి, రిటైరయ్యే ముందు ఈ తలనొప్పి ఎందుకు మేడమ్ అని అడిగాం. "నెప్పి దానికి. మీకెందుకయ్యా తలనొప్పి?" అని ఆమె లేఖను కవరులో పెట్టారు.

ఆ తర్వాత జరిగిన ఒక పొరపాటును దాచకుండా చెప్పడం ఆమె స్వభావానికి తగినదని రాస్తున్నాం. కెనెల్లో రాయి మీద వెంటనే గోతాలు పరవమని ఆమె ఫోనులో చెప్పారు. ఆ ప్రాంతంలో గోతాలంటే చేతికి ముందు దొరికేవి టిక్కీలు, అంటే మిరపకాయలు నింపే గోతాలు. రంజాన్ గారు దగ్గరలోని కోల్డ్ స్టోరేజీకి వెళ్లి యాభై ఖాళీ గోతాలు తెచ్చి పరిచారు. అరగంటలో ఫోను వచ్చింది.

"మేడమ్! కుక్కలన్నీ తుమ్ముతున్నాయండి! నేనూ తుమ్ముతున్నానండి! మా ఎస్సై గారు కూడా... ఆగండాగండి..." అని ఆయన మళ్లీ తుమ్మారు. "ముక్కే వీటి ఉజ్జోగం మేడమ్! ఈ పూట ట్రైనింగ్ మొత్తం ఆపేశారండి!"

ఆమె నవ్వడం గదిలో ఉన్న మేమంతా విన్నాం. "ముప్పై రెండేళ్లకి మళ్లీ అదే తప్పు చేశానయ్యా. గోతాలన్నాను, ఏ గోతాలో చెప్పలేదు. అవి తీసేయించి, రెండుసార్లు కడిగించు. పత్తి బోరాలు తెప్పించు." మర్నాడు ఆమె స్వయంగా వెళ్లి, ఒక్కొక్క బోరాన్ని వాసన చూసి పరిపించారు.

చికిత్స పదిన్నర వారాలు సాగింది. మొదటి రెండు వారాలు రెండు మూరల తాడు, తర్వాతి రెండు వారాలు నాలుగు మూరలు. ఆ తర్వాత పూటకు ఐదు నిమిషాల నడక, అది క్రమంగా ఇరవై నిమిషాలు అయింది. సాగర్ కాలువకు నీళ్లు వదిలిన రోజుల్లో, పిల్లకాలువలో పొట్ట దాకా నీళ్లున్న చోట జ్వాలను నడిపించారు. నీళ్లు బరువు మోస్తాయి కాబట్టి నొప్పి లేకుండా కండరం పనిచేస్తుంది. ఒడ్డున నిలబడి గడియారం చూసే పని డాక్టర్ శ్రీరమ్య గారిది. గురువారం క్లినిక్‌లో ఆరేళ్లుగా క్రిస్టీనా గారి పక్కన పనిచేస్తున్న పశువైద్యురాలు ఆమె. ఆ తర్వాత వెదురు కర్రలను ఇటుకల మీద వరసగా పెట్టి వాటి మీదుగా ఒక్కొక్క అడుగు వేయించారు. కాలువ కట్ట ఎక్కించారు, దించారు.

ఫిబ్రవరి 16న కట్ట మీద కొండముచ్చు కనబడేసరికి జ్వాల రంజాన్ గారి చేతిలో తాడు లాక్కొని ఉరికింది. మర్నాడు మళ్లీ కుంటింది. బోర్డు పరీక్షకు ముప్పై రెండు రోజులు మిగిలి ఉన్నాయి. రంజాన్ గారు వైద్యశాల మెట్ల మీద కూర్చున్నారు.

"ఇంక లాభం లేదేమోనండి."

"లాభనష్టాలు మిరప యార్డులో చూసుకుందాంగానీ, ముందు లే. కుంటు ఎంత ఉందో చూద్దాం."

వేళ్లతో వెతికారు, స్కానింగు చేశారు. పాత చిరుగు మళ్లీ తెగలేదు, చుట్టూ వాపు మాత్రమే వచ్చింది. ఆరు రోజులు తాడు కుదించి, మళ్లీ పెంచారు. ఈసారి తాడు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకోమని రంజాన్ గారికి చీటీలో రాశారు. ఆ చీటీని ఆయన పర్సులో పెట్టుకున్నారు.

మార్చి 21, శుక్రవారం ఉదయం ఏడున్నరకు పరేడ్ మైదానంలో పరీక్ష మొదలైంది. బోర్డు అధ్యక్షులు, ముగ్గురు సభ్యులు కుర్చీల్లో ఉన్నారు. తొలగింపు ఉత్తర్వు ముసాయిదా తేదీతో సహా టైపయి, వారి ముందున్న ఫైల్లో ఉంది. క్రిస్టీనా గారు, శ్రీరమ్య గారు, మాలో ఇద్దరం హద్దు గీతకు ఇవతల నిలబడ్డాం. జ్వాల నాలుగు వందల మీటర్లు పరిగెత్తింది. వాలు పలక ఎక్కి దిగింది. నాలుగడుగుల గోడ రెండుసార్లు దాటింది. పన్నెండు పెట్టెల్లో దాచిన మూడు నమూనాలను నాలుగు నిమిషాల్లో కనిపెట్టి, ఒక్కోదాని ముందు కూర్చుంది. కూర్చున్న మూడుసార్లూ రెండు కాళ్లూ సరిగ్గా మడిచింది. శ్రీరమ్య గారు ఆ సంగతి వేళ్ల మీద లెక్కపెట్టారు.

చివరి అంశం జీపు ఎక్కడం. నవంబరులో మానేసిన వాటిలో ఇంకా మిగిలింది అదొక్కటే. పది వారాల చికిత్సలో కూడా జీపు దగ్గరికి తీసుకెళ్లింది చివరి ఎనిమిది రోజులే. రంజాన్ గారు జీపు వెనక తలుపు తీసి, పక్కన నిలబడి, ఆదేశం ఇవ్వలేదు. పావు నిమిషం గడిచింది. అధ్యక్షులు గడియారం చూశారు.

గీత ఇవతల నుంచి క్రిస్టీనా గారి గొంతు మైదానమంతా వినిపించింది. "ఏంటయ్యా రంజానూ, అది బానే ఉంది, నువ్వు కుంటుతున్నావేంటి? ఆర్డరివ్వు!"

ఆయన ఆదేశం ఇచ్చారు. జ్వాల ఒక్క గెంతులో జీపులో ఉంది. తిరిగి నిలబడి, ఆయన ఎక్కడం లేదేమిటన్నట్టు బయటికి చూసింది. కుర్చీల్లో ఉన్న సభ్యుల్లో ఒకరు ముందుగా చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ కొట్టారు. అధ్యక్షులు ముసాయిదాను ఫైల్లోంచి తీసి, అడ్డంగా గీత కొట్టి, 'సేవకు అర్హం' అని రాసి సంతకం చేశారు.

సంతకం అయ్యాక ఆయన ఆమెను అడిగారు: "మేడమ్, రేపు ఇది మళ్లీ కుంటితే? మీరు రిటైరవుతున్నారంటగా?"

"కుంటితే గజ్జల్లో చెయ్యి పెట్టి చూడండి సార్. ఫొటో తర్వాత చూద్దురు గాని. చెయ్యి పెట్టడానికి ఈ అమ్మాయి ఉంది" అని ఆమె శ్రీరమ్య గారిని ముందుకు తోశారు.

ఏప్రిల్ మొదటి వారంలో ఆ దళంలో ఒక ఆదేశం వెలువడింది. కుంటు కారణంగా ఏ జాగిలాన్ని తొలగించాలన్నా, ముందుగా కండరాలనూ కీళ్లనూ చేతితో పరీక్షించిన నివేదిక తప్పనిసరి. అదే కారణంతో తొలగింపు జాబితాలో ఉన్న మరో మూడు జాగిలాలను గురువారం క్లినిక్‌కు పంపారు. ఒకదానికి నిజంగానే తుంటి చెడిందని క్రిస్టీనా గారు రాశారు. మిగతా రెండూ మే రెండో వారంలో విధుల్లోకి వెళ్లాయి. కెనెల్లో నున్నటి రాయిని తీయించారు. దాత గారే గరుకు పలకలు పంపారు.

ఈ నెల 31న మన కార్యాలయంలో జరిగే వీడ్కోలు సభకు రంజాన్ గారిని ముఖ్య అతిథులలో ఒకరిగా పిలిచాం. ఆహ్వానం ఇవ్వడానికి వెళ్లిన మాకు ఆయన చెప్పిన జవాబుతో ఈ వ్యాసం ముగించడం సముచితమని భావిస్తున్నాం: "రాలేనండి, ఏమనుకోవద్దు. ఆ రోజు జ్వాలకి బందోబస్తు డ్యూటీ పడింది." ఆ మాట క్రిస్టీనా గారికి చేరవేసినప్పుడు ఆమె చేతిలోని కలం కింద పెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకొని, "అదీ! ఇంతకంటే సన్మానం ఏముంటుందయ్యా, కుర్చీ ఒకటి తగ్గించండి" అన్నారు.

మూడు వేల పైచిలుకు కుక్కల కాళ్లు పట్టి చూసిన డాక్టర్ చాట్ల క్రిస్టీనా గారు, నతానియేలు గారితోను, పిల్లలతోను, మనుమలతోను కలిసి, కీళ్లకు నొప్పి తెలియకుండా, కాళ్లు కోరిన చోటికల్లా తిరుగుతూ, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు ఉండాలని సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుకుంటున్నాం.